ఆయన సెలవు పెట్టిన రోజు

మా ఊరి తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో మామూలుగా తిరిగేవి మూడే రకాలు. అద్దెకి గది కావాలనేవి, ఇండియా వెళ్లేవాళ్ల పెట్టెలో రెండు కిలోల చోటు అడిగేవి, పొద్దున్నే పువ్వుల బొమ్మతో శుభోదయాలు. పోయిన నెల వాటి మధ్యలో ఒక పీడీఎఫ్ వచ్చి పడింది. మా వీధి చివరి మందుల షాపు మీద తనిఖీ రిపోర్టు. మొదటి పేజీలోనే "ప్రమాణాలన్నీ అందుకోలేదు" అనే అర్థం వచ్చే ముక్క ఉంది. ఇక కింద కామెంట్ల సంగతి చెప్పనక్కర్లేదు. "నేనెప్పుడో అనుకున్నా" అని ఒకరు, "ఇకనుంచి సూపర్ మార్కెట్లో ఫార్మసీకే" అని ఇంకొకరు, ముక్కు మూసుకున్న బొమ్మ ఒకటి. ఆ బొమ్మ పెట్టినాయన రిపోర్టు తెరిచి ఉంటాడని నేననుకోను. పీడీఎఫ్ వచ్చిన నిమిషానికే బొమ్మ వచ్చింది.

నేను తెరిచి చివరిదాకా చదివాను. ఆడిట్ రిపోర్టులు చదవడం నా ఉద్యోగంలో సగం పని కాబట్టి ఆ భాషకి అలవాటు పడిపోయాను. పైగా మావాడి ఆస్తమా ఇన్‌హేలర్లు ఆ షాపు నుంచే వస్తాయి. వాడికి ఆరేళ్లు. షాపు మార్చాలా వద్దా అన్నది మా ఇంట్లో కాలక్షేపం కబురు కాదు.

ఈ దేశంలో లేనివాళ్ల కోసం కొంచెం వివరం. ఇంగ్లండ్, స్కాట్లండ్, వేల్స్‌లలో మందుల షాపుల్నీ ఫార్మసిస్టుల్నీ చూసుకునేది జనరల్ ఫార్మస్యూటికల్ కౌన్సిల్ అనే సంస్థ. 2010లో మొదలైంది. దీని ఇన్‌స్పెక్టర్లు సాధారణంగా చెప్పాపెట్టకుండా వస్తారు. 2019 నుంచి వాళ్ల రిపోర్టుల్ని అందరూ చదువుకునేలా బయట పెడుతున్నారు. షాపు పేరు కొడితే చాలు. చూసేవి అయిదు విషయాలు: పనిని నడిపే పద్ధతి, పనిచేసే మనుషులు, చోటు, ఇచ్చే సేవలూ మందుల నిర్వహణా, పరికరాలు. ఒక్కోదానికీ నాలుగు మెట్లున్నాయి. కింది మెట్టు "అందుకోలేదు", పై మెట్టు "అత్యుత్తమం". ఇవి బాగా చేసి, ఒకే ఒక్క ప్రమాణం తప్పినా సరే, మొత్తం మీద "అన్నీ అందుకోలేదు" అనే పడుతుంది. మొదటి పేజీ మాత్రమే చూసేవాళ్లకి ఈ సంగతి తెలియదు.

మా షాపు తప్పినవి మూడు. గడువు తీరిన మందులు అరలోంచి తీసేశామని రాసుకునే కాగితం చాలాకాలంగా ఖాళీ; ఇన్‌స్పెక్టర్ వెతికితే గడువు దాటిన పెట్టెలు రెండు దొరికాయి. కౌంటర్లో చేరిన ఒకమ్మాయిని మూడు నెలల్లోపల శిక్షణ కోర్సులో చేర్పించాలి. అయిదు నెలలైనా చేర్పించలేదు. మూడోది, తృటిలో తప్పిన పొరపాట్లు రాసుకునే పుస్తకంలో ఫిబ్రవరి తర్వాత ఒక్క అక్షరం లేదు.

మిగతాదంతా బాగానే ఉంది. ఇన్సులిన్, టీకాలు ఉండే ఫ్రిజ్ 2 నుంచి 8 డిగ్రీల మధ్యే ఉందని రోజూ రాస్తున్నారు. మార్ఫిన్ లాంటివి పెట్టే తాళం బీరువాలో మాత్రల లెక్క రిజిస్టర్‌తో సరిపోయింది. ఒక చోట, సిబ్బంది గుజరాతీ, హిందీ, తెలుగు మాట్లాడి రోగులకి సాయం చేస్తున్నారని కూడా మెచ్చుకున్నారు. ఆ తెలుగు ఎవరిదో నాకు తెలుసు. కోర్సులో చేర్పించని అమ్మాయిదే. గుంటూరు అమ్మాయి. అక్కడ బీఫార్మసీ చేసి ఇక్కడ ఎమ్మెస్సీకి వచ్చింది, వారానికి ఇరవై గంటలు ఈ షాపులో పని. మన బీఫార్మసీతో ఇక్కడ నేరుగా ఫార్మసిస్టు కాలేరు. ఓస్పాప్ అనే ఏడాది కోర్సు, తర్వాత ఏడాది శిక్షణ, ఆ పైన పరీక్ష. ఆ దారిలో మొదటి మెట్టు మీద ఉందన్నమాట.

ఇక్కడ మన ఊళ్ల సంగతి కొంచెం చెప్పాలి, ఎందుకంటే గ్రూపులోని వాళ్లందరం ఆ కళ్లజోడుతోనే ఈ రిపోర్టు చదివాం. నేను పెరిగిన ఊళ్లో మెడికల్ షాపు గోడ మీద లైసెన్సు అద్దం ఫ్రేములో ఉండేది. పక్కనే ఫార్మసిస్టు సర్టిఫికెట్. ఆ సర్టిఫికెట్ మీద పేరున్న మనిషిని చిన్నప్పట్నుంచి పెళ్లయ్యేదాకా ఒక్కసారి కూడా ఆ షాపులో చూళ్లేదు. 1940 నాటి చట్టం, దాని కింద 1945లో వచ్చిన నియమాలు, రిజిస్టర్డ్ ఫార్మసిస్టు పర్యవేక్షణలోనే మందులివ్వాలని అప్పట్నుంచీ చెబుతూనే ఉన్నాయి. మందులిచ్చేది మాత్రం ఓనరు గారి తమ్ముడు. ఆయనకి ఊళ్లో ఎవరింట్లో ఎవరికి షుగరో, ఎవరికి బీపీయో కంఠతా వచ్చు. రాత్రి పదకొండింటికి తలుపు తట్టినా లేచి ఇచ్చేవాడు. ఆయన్ని మేమంతా నమ్మాం. గోడ మీద సర్టిఫికెట్‌ని ఎవరూ చదవలేదు. మనకి షాపంటే మనిషి. మనిషి మంచివాడైతే షాపు మంచిది.

మా వీధి చివరి షాపు ఓనరు, ఫార్మసిస్టు ఒక్కరే. కెన్యాలో పుట్టిన గుజరాతీ, అరవై దగ్గర పడినవాడు. ఆ లెక్కన చూస్తే ఆయన షాపుకి ఎవరూ వంక పెట్టలేరు. రెండేళ్ల క్రితం నాన్న మా దగ్గరికి వచ్చినప్పుడు దగ్గు ముదిరి ఛాతీలోకి దిగింది. ఇక్కడి డాక్టర్ దగ్గర తాత్కాలికంగా పేరు రాయిస్తే చూసి క్లారిత్రోమైసిన్ రాశారు. అరవై దాటినవాళ్లకి ఇంగ్లండ్‌లో మందుల రుసుము లేదు, కాబట్టి అయిదు నిమిషాల్లో సంచీ పట్టుకుని వచ్చేయొచ్చు. ఈయన వదల్లేదు. ఇంకేమైనా మందులు వాడుతున్నారా అని నాన్ననే నేరుగా అడిగారు. నాన్న చొక్కా జేబులోంచి పాలిథిన్ కవరు తీశారు. అందులో స్ట్రిప్పు ముక్కలు. మన షాపుల్లో పది మాత్రలడిగితే కత్తెరతో కోసి ఇస్తారు కదా, అవి. ఒక ముక్క మీద పేరులో సగం, గడువు తేదీ అవతలి ముక్కలో. ఈయన కళ్లజోడు పైకి నెట్టి, వెనక ఉన్న చిన్న అక్షరాలు పట్టుకుని, అది కొలెస్ట్రాల్‌కి వాడే అటోర్వాస్టాటిన్, 40 మిల్లీగ్రాములు అని తేల్చారు. ఆ రెండూ కలిస్తే కండరాలు దెబ్బతినే ప్రమాదం పెరుగుతుంది. డాక్టర్‌కి ఫోన్ చేశారు. ఇరవై నిమిషాలు లైన్లో ఉన్నారు, వెనక క్యూ పెరుగుతూనే ఉంది. యాంటీబయాటిక్ అయ్యేదాకా అది ఆపమని చెప్పి, కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసిచ్చారు. బయటికొచ్చాక నాన్న, "మనిషి చాలా మంచివాడమ్మా" అన్నారు. అంతకన్నా సర్టిఫికెట్ ఏం కావాలి?

కావాలి అనే నేను ఇప్పుడు అనుకుంటున్నాను. అదెందుకో ఆ గుంటూరు అమ్మాయి మాటల్లో నాకు బాగా తెలిసింది.

రిపోర్టు బయటికొచ్చిన వారం ఇన్‌హేలర్ కోసం వెళ్తే ఆ అమ్మాయి మొహం పాలిపోయి ఉంది. షిఫ్ట్ అయ్యాక బస్ స్టాపులో కలిసింది. "అక్కా, నావల్లే షాపుకి చెడ్డపేరు వచ్చిందంటున్నారా గ్రూపులో?" అని అడిగింది. ఆ గ్రూపులో తనూ ఉంది మరి, అన్నీ చూసింది. ఇన్‌స్పెక్టర్ వచ్చిన రోజు ఏం జరిగిందో చెప్పమన్నాను. ఆవిడ ముందు ఓనరుతో మాట్లాడి, తర్వాత నేరుగా ఈ అమ్మాయి దగ్గరికే వచ్చిందట. "ఫార్మసిస్టు గారు బయటికెళ్లారనుకో. ఒకాయన వచ్చి కోడీన్ కలిసిన నొప్పి మాత్రలు అడిగాడు. పోయిన వారం కూడా కొన్నాడు. ఏం చేస్తావు?" అని అడిగింది. అమ్మనని చెప్పానంది. సరైన జవాబే. ఇక్కడి నియమం ప్రకారం బాధ్యుడైన ఫార్మసిస్టు ప్రతి షాపులో ప్రతి రోజూ ఒకరుండాలి. ఆ పేరు, రిజిస్ట్రేషన్ నంబరు కనబడేలా బోర్డు మీద పెట్టాలి. రోజులో రెండు గంటలకి మించి ఆ మనిషి బయట ఉండకూడదు. ఉన్నంతసేపూ అలాంటి మందులు అమ్మకూడదు.

తర్వాత ఆవిడ, "ఇక్కడ పొరపాట్లు జరిగితే ఏం చేస్తారు?" అంది. "సార్ పట్టుకుంటారు, మేం సరిచేసి మళ్లీ ఇస్తాం" అని ఈ అమ్మాయి ఉన్నదున్నట్టు చెప్పింది. "రాసుకుంటారా?" "ఈమధ్య రాయట్లేదు." అంతే. పుస్తకం తెప్పించి చూస్తే ఫిబ్రవరి తర్వాత ఖాళీ. నిజం చెప్పినందుకు ఉద్యోగం పోతుందేమో, వీసా మీద ఉన్నాను కదక్కా అని కళ్లు తుడుచుకుంది.

ఆ ఖాళీ పేజీ మీద నేను ఒక వారం ఆలోచించాను. పైకి చూస్తే ఖాళీగా ఉండటం మంచిదేగా, పొరపాట్లే లేవన్నమాట అనిపిస్తుంది. నా వృత్తిలో ఉన్నవాళ్లు ఆ మాట వింటే నవ్వుతారు. ఏ టీమైనా వచ్చి మా సాఫ్ట్‌వేర్లో ఈ నెల ఒక్క బగ్ కూడా లేదంటే మేం అడిగే మొదటి ప్రశ్న, అసలు టెస్ట్ చేశారా అని. రోజుకి వందల ప్రిస్క్రిప్షన్లు కట్టేచోట తప్పుడు పెట్టె చేతికి రాకుండా ఉండదు. పిల్లల అమోక్సిసిలిన్ పొడి సీసాలే చూడండి. అయిదు మిల్లీలీటర్లకి 125 మిల్లీగ్రాములది ఒకటి, 250ది ఒకటి. అరలో పక్కపక్కన, దాదాపు ఒకేలా. మన ఊళ్లలో అయితే కాచి చల్లార్చిన నీళ్లు గీత దాకా మనమే పోసి కలుపుతాం. ఇక్కడ ఫార్మసీలోనే కొలిచి కలిపి ఇస్తారు. అమ్మాయి 250 తీసింది, ఆఖరి తనిఖీలో ఫార్మసిస్టు చూసి వెనక్కి పంపాడు, 125 వచ్చింది. ఎవరికీ ఏమీ కాలేదు. దీన్నే వాళ్లు నియర్ మిస్ అంటారు. ఇది రాసిపెడితే నెలాఖరున లెక్క చూసినప్పుడు నాలుగుసార్లు అదే సీసా కనబడుతుంది. అప్పుడు రెండింటినీ వేరే అరల్లో పెట్టాలన్న బుద్ధి పుడుతుంది. రాయకపోతే నాలుగుసార్లూ ఆ ఒక్క మనిషి కన్నే కాపాడింది. అయిదోసారీ ఆ కన్నే కాపాడాలి. మావాడి బ్రౌన్ ఇన్‌హేలర్ కూడా అంతే, 50 ఒకటి, 100 ఒకటి, ఒకే రంగు.

ఎందుకు రాయరు అంటే బద్ధకం ఒక్కటే కాదు. దీని వెనక భయం చాలాకాలం నుంచి ఉంది. 1968 నాటి మందుల చట్టం ప్రకారం ఫార్మసీలో పొరపాటున తప్పు మందు ఇచ్చినా, తప్పు లేబుల్ అంటించినా నేరమే. కావాలని చేశారా, చెయ్యి జారిందా అన్నది చూడదు. 2007లో ఇక్కడ ఒక ఫార్మసిస్టు ప్రెడ్నిసోలోన్ ఇవ్వాల్సిన చోట ప్రొప్రనొలోల్ ఇచ్చింది. రెండు పేర్లూ ఒకసారి గబగబా చదివి చూడండి. 2009లో కోర్టు ఆమెకి మూడు నెలల జైలుశిక్ష వేసి, అమలు నిలిపి ఉంచింది. 2010లో అప్పీల్లో దాన్ని జరిమానాగా మార్చారు. అది చూసిన ఏ ఫార్మసిస్టు తన పొరపాట్లని తేదీ వేసి మరీ పుస్తకంలో రాసుకుంటాడు? చివరికి 2018 ఏప్రిల్‌లో నియమం మార్చారు. వృత్తిధర్మంగా పనిచేస్తూ తెలియక జరిగిన పొరపాటైతే, తెలిసిన వెంటనే రోగికి చెప్పే ప్రయత్నం చేస్తే, ఆ నేరం నుంచి రక్షణ ఉంటుంది. ఆ మార్పు తెచ్చిందే జనం రాయాలని, చెప్పాలని. కానీ భయం చట్టంతో పాటు అదే రోజున పోదు కదా. పైగా ఇప్పుడు రిపోర్టులు అందరికీ కనబడుతున్నాయి, వాట్సాప్ గ్రూపులున్నాయి, ముక్కు మూసుకున్న బొమ్మలున్నాయి.

అయినా సరే, రిపోర్టులు బయట పెట్టడమే మంచిదని నా అభిప్రాయం. పెట్టకపోతే మా ఊరి సర్టిఫికెట్ కథే అవుతుంది. పెట్టినప్పుడు చదవాల్సిన బాధ్యత చదివేవాళ్ల మీద పడుతుంది, అదొక్కటే చిక్కు.

నెమ్మదిగా ఉండే మంగళవారం మధ్యాహ్నం చూసుకుని ఓనరుతోనే మాట్లాడాను. రిపోర్టు చదివానని చెబితే ముందు నవ్వారు. 2024 జనవరి ఆఖరున ఫార్మసీ ఫస్ట్ మొదలయ్యాక ఊపిరాడట్లేదన్నారు. గొంతు నొప్పి, పిల్లల చెవినొప్పి, సైనస్, పురుగు కుట్టి చీము పట్టడం లాంటి ఏడు జబ్బులకి డాక్టర్ దగ్గరికి వెళ్లకుండా ఇక్కడే చూసి అవసరమైతే మందు ఇచ్చే పథకం అది. పక్కనున్న చిన్న గదిలో ఆయన ఒక్కరే చూడాలి. బయట కౌంటర్, వెనక ఆఖరి తనిఖీ, అన్నీ ఆయనే. నేను కాదనలేదు. చివరికి ఒక మాటన్నారు: "ఇరవై ఎనిమిదేళ్లుగా చేస్తున్నాను, ఎక్కడ పొరపాటు జరుగుతుందో అన్నీ నా తలలోనే ఉన్నాయి."

"మీరు సెలవు పెట్టిన రోజు?" అన్నాను.

ఆయన సెలవు పెడితే లోకమ్ వస్తారు. రోజుకూలీ ఫార్మసిస్టు అనుకోండి. మంచి చదువు, సరైన రిజిస్ట్రేషన్, అన్నీ ఉంటాయి. కానీ ఆ లోకమ్‌కి ఈ అర తెలియదు. రెండు సీసాలు పక్కపక్కన ఉన్నాయని, ఈ వీధిలో ఒకే ఇంటిపేరుతో ఇద్దరు పటేల్ గార్లున్నారని, ఆ కొత్తమ్మాయికి ఇంకా కోర్సు మొదలవలేదని తెలియదు. నాన్న మందు ముక్కల్ని పట్టి చూసిన కళ్లు ఆ రోజు లెస్టర్‌లో పెళ్లిలో ఉంటాయి. ఇన్‌స్పెక్టర్ వచ్చి చూసేది ఆయన మంచివాడా కాదా అని కాదు. ఆయన లేని రోజున ఆ షాపులో ఏం మిగులుతుందని. మా ఉద్యోగాల్లో దీనికి ఒక మోటు లెక్క ఉంది: టీమ్‌లో ఎంతమందిని బస్సు గుద్దితే పని ఆగిపోతుంది? ఒక్కరు అని జవాబొస్తే ఆ ఒక్కరు ఎంత గొప్పవాడైతే అంత ప్రమాదం. ఇది ఆయనకి చెప్పలేదు, పెళ్లికి వెళ్లేవాడితో బస్సు మాట ఎందుకని.

ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత కంప్యూటర్ పక్కన టేపుతో అంటించిన కాగితం చూపించారు. కౌన్సిల్‌కి పంపిన దిద్దుబాటు ప్రణాళిక. అమ్మాయిని కోర్సులో చేర్పించిన తేదీ ఉంది. అరల్ని ముక్కలుగా విడగొట్టి, ఏ వారం ఏ ముక్కలో గడువులు చూడాలో, ఎవరు చూడాలో ఉంది. నియర్ మిస్ పుస్తకం తీసి కట్టర్ పక్కన, ఎవరి చేతికైనా అందేలా పెట్టారు. రెండు పేజీలు నిండాయి. అందులో మూడు ఆయన రాతలోనే ఉన్నాయి, ఆయన సొంత పొరపాట్లు. "నేను ముందు రాస్తే గానీ వాళ్లు రాయరు" అన్నారు. అమ్మాయిని ఏమీ అనలేదట. ఇన్‌స్పెక్టర్‌కి అబద్ధం చెప్పి ఉంటే అప్పుడు అనేవాణ్ణి అన్నారట.

గ్రూపులో నేను ఒక పొడుగాటి మెసేజ్ పెట్టాను. మూడు తప్పులేమిటో, మిగతావి ఎలా ఉన్నాయో, కోర్సులో చేర్పించాల్సింది యజమాని గానీ ఆ అమ్మాయి కాదని. రెండు బొటనవేళ్లు వచ్చాయి. వెంటనే ఎవరో హైదరాబాద్ వెళ్తున్నారు, కిలో చోటుందన్నారు. సూపర్ మార్కెట్ ఫార్మసీకి మారతానన్నావిడ అక్కడి రిపోర్టు కూడా తీసి చూడమంటే చూసి, అక్కడా రెండేళ్ల క్రితం ఇదే నియర్ మిస్ గొడవేనని నాకు విడిగా రాసింది. ఆమె మారిందో లేదో తెలియదు. మీరు బ్రిటన్‌లో ఉంటే మీ వీధి షాపుది కూడా తీసి చూడండి. మొదటి పేజీ వదిలేసి, సిబ్బందిని ఏం అడిగారో, వాళ్లేం చెప్పారో ఉన్న చోటుకి వెళ్లండి.

మళ్లీ తనిఖీ ఇంకా కాలేదు. దీపావళికి ఓనరు పది రోజులు సెలవు, ఆ పది రోజులూ లోకమ్. మావాడి ఇన్‌హేలర్ సరిగ్గా ఆ వారంలో అయిపోతుంది. ఆయన వెళ్లేలోపే తెచ్చేసుకుందామా అని మావారు అడిగారు. వద్దన్నాను. ఆ వారంలోనే వెళ్తాను. పెట్టె మీద 50 ఉందో 100 ఉందో కౌంటర్ దగ్గరే చూసుకుంటాను, అది ఎలాగూ ఎప్పుడూ చేసేదే. అమ్మాయి షిఫ్ట్‌లో ఉంటే, ఆ వారం పుస్తకంలో ఎన్ని గీతలు నిండాయో అడగాలి.